చలనచిత్రములు – కథాసంవిధానము

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున పదవ తరగతి విద్యార్థులు తామే వ్రాసికొనిన నాటకము నొకదానిని ప్రదర్శించిరి. విషయము 2023వ సంవత్సరము జూలై మాసమున మన ప్రాంతమును ముంచెత్తిన వరద. ఆ నెల 27వ తేదీ ఉదయమువరకు ఒక్క దినములోనే మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసెననియు, జంపన్నవాగు పొంగి మన మండలములోని కొండాయి గ్రామమును ముంచెననియు, ప్రాణనష్టము సంభవించెననియు ఈ పత్రికను చదువువారికి మేము వేరుగ చెప్పనక్కరలేదు. నాటకమునకు తొమ్మిది రంగములు. మొదటిదానిలో మేఘములు పట్టును, రెండవదానిలో వాన కురియును, మూడవదానిలో వాగు పొంగును, అట్లే తొమ్మిదవదానివరకు. వరదను చూపుటకై రెండు నీలపుచీరలను ఇరుప్రక్కల పట్టి ఊపిరి. ఆ చీరలను అరువు తెచ్చినది మేమే. నాల్గవ రంగము నడచుచుండగా సభలో సగముమంది చేతిఫోనులు చూచుకొనుచుండిరి. వారిలో ననేకులు ఆ రాత్రి నడుములోతు నీటిలో నిలిచినవారు.

కార్యక్రమము ముగిసిన తరువాత ఒక విద్యార్థి తల్లి మా యొద్దకు వచ్చి, మాకు నొప్పి కలుగకుండునట్లు మెల్లగా, “సారూ, పోరగాండ్లు మంచిగనే ఆడిండ్రు. గని గండ్ల మాకు ఎరుక లేనిదేముంది?” అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. శిక్షణకళాశాలలో వ్యాసమును బోధించుట మాకు నేర్పిరి. ఉపోద్ఘాతము, విషయవివరణము, ముగింపు అను మూడు భాగములను ఇరువది యేండ్లుగా నల్లబల్లమీద వ్రాయుచున్నాము. మా విద్యార్థులు మేము నేర్పినట్లే వరదను గూర్చి యొక వ్యాసమును వ్రాసి, దానికి వేషములు కట్టి రంగమెక్కించిరి. తప్పు వారిది కాదు.

అయితే ఆమె ప్రశ్న మమ్ము విడువలేదు. ఏలయన, తెలియనిది లేకపోవుటయే దోషమైనచో, “మాయాబజార్” చిత్రము టెలివిజనులో వచ్చినప్పుడెల్ల ఇదే ఊరివారు కడవరకు కూర్చుండి చూచుటకు కారణమేమి? శశిరేఖ ఎవరిని పెండ్లాడునో తెలియని శిశువైన మన ఊర లేదు. తెలిసిన కథయే ఒకచోట మనుష్యులను కట్టివేయుచున్నది, మరియొకచోట విసుగు పుట్టించుచున్నది. భేదము కథలో లేదు. కథను పేర్చిన విధములో నున్నది. ఆ పేర్పును నేర్చుకొనవలెనన్న, బాగుగా పేర్చబడిన వానిని విప్పి చూడవలెను. గడియారమును బాగుచేయువాడు మొదట విప్పుట నేర్చును గదా. కావున గడచిన ఆగస్టు మొదలుకొని శనివారము మధ్యాహ్నములయందు, తొమ్మిది పది తరగతులలో ఇష్టపడినవారిని చేర్చుకొని, తెలుగు చలనచిత్రములను విప్పి చూచుచుంటిమి. ఆ పనియొక్క వృత్తాంతమే యీ వ్యాసము.

తలిదండ్రులలో కొందరికి ఇది రుచింపలేదు. వారిని మేము నిందింపము. మా బాల్యమున మా యింట టెలివిజను లేదు. మా తండ్రిగారు సినిమాహాలు వైపునకు తల త్రిప్పుటకైనను ఒప్పుకొనెడివారు కారు. మేము హాలులో మొదటి చిత్రమును చూచినది కళాశాలలో చేరిన పిదపనే. కాని నేటి బాలుడు దినమునకు ఎన్ని చిత్రఖండములను అరచేతిలో చూచుచున్నాడో తలిదండ్రులకే తెలియును. చూడవద్దనుటకు కాలము మించినది. చూచెడిదానిని ఎట్లు చూడవలెనో నేర్పుట యొక్కటియే మిగిలినది.

చలనచిత్రమునకు ఛాయాగ్రహణమునకు పూర్వమే కాగితముమీద ఒక రచన యుండును. దానిని తెలుగున చిత్రానువాదమందురు. జనులు స్క్రీన్‌ప్లే అనియే పిలుతురు. ఏ దృశ్యము తరువాత ఏ దృశ్యము రావలెను, అందెవరుందురు, ఏమి చేయుదురు, ఏమి పలుకుదురు అనునది అందు వ్రాయబడును. ఇది కథ కాదు. కథను మనము ఐదు నిమిషములలో చెప్పవచ్చును. చూచువాని యెదుట ఆ కథను ఏ క్రమమున, ఎంతెంతగా విప్పవలెనో నిర్ణయించునది చిత్రానువాదము.

మేము అనుసరించిన పద్ధతి యిది. మొదటి శనివారము చిత్రమును ఎక్కడను ఆపక పూర్తిగా చూచితిమి. నవ్వు వచ్చినచోట నవ్వితిమి. రెండవసారి చూచునప్పుడు ప్రతి దృశ్యమునకు ఆపి, పాత ప్రశ్నపత్రముల వెనుకవైపున ఒక్కొక్క చీటీ వ్రాసితిమి. చీటీమీద మొదట స్థలము, పాత్రలు. తరువాత, దృశ్యము మొదలైనప్పటికిని ముగిసినప్పటికిని మారినదేమి. చివర, దీనిని చించివేసినచో ముందు రాబోవువానిలో ఏది కూలును. ఈ చీటీలను దారమునకు గ్రుచ్చి తరగతిగది గోడపొడవున వ్రేలాడదీసితిమి.

మొదటి చీటీలన్నియు వ్యర్థములైనవి. పిల్లలు “తరువాత రాజు వచ్చెను, తరువాత పాట పాడిరి, తరువాత కోపపడిరి” అని వ్రాసిరి. అందు “తరువాత” యను మాటయే గాని “కాబట్టి” యను మాట యొక్కటియు లేదు. ఆంగ్ల నవలాకారుడు ఫార్‌స్టరు నవలారచనను గూర్చి 1927లో ప్రకటించిన గ్రంథమున ఈ భేదమునే చూపియున్నాడు: రాజు చనిపోయెను, రాణియు చనిపోయెను అనిన అది సంఘటనల వరుస మాత్రమే, రాణి మరణమునకు దుఃఖము హేతువని చెప్పినప్పుడే సంవిధానము పుట్టును. ఈ మాట చెప్పి, గోడమీది రెండు చీటీల నడుమ “కాబట్టి” అను పదమును పెట్టి చదువుడంటిమి. ఎక్కడ ఆ పదము అతుకదో అక్కడ ఒక ఎఱ్ఱచుక్క. మా వరదనాటకపు తొమ్మిది రంగములను సయితము చీటీలమీద వ్రాసి అట్లే చదివితిమి. వాన కురిసెను కాబట్టి వాగు పొంగెను: ఇది అతికినది. కాని ఆ “కాబట్టి” ప్రకృతిది, మనుష్యులది కాదు. నాటకములోని మనుష్యులు ఏ నిర్ణయమును చేయరు. నీరు వచ్చును, వారు ఏడ్తురు. ఎనిమిది ఎఱ్ఱచుక్కలు పడినవి.

“మాయాబజార్” తో మాకు ఐదు శనివారములు పట్టెను. 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన విడుదలయైన ఈ చిత్రమునకు కె.వి. రెడ్డిగారు దర్శకులు, మాటలును పాటలును పింగళి నాగేంద్రరావుగారివి, విజయా సంస్థవారు నిర్మించిరి. శశిరేఖా పరిణయగాథ వ్యాసభారతమున లేదు. అది జనుల నోట పెరిగినది. 1936లోనే ఒకమారు తెలుగున చిత్రముగా వచ్చినది. కనుక 1957లో టికెట్టు కొనినవారికి కూడ కథ క్రొత్తది కాదు.

మూడు గంటల చిత్రమును చీటీలుగా మార్చగా లెక్క ముగ్గురికి మూడు విధములుగా వచ్చెను. దృశ్యమెక్కడ ముగిసినదో నిర్ణయించుటయే ఒక వాదము. వెన్నెలలో పడవవిహారపు పాటకు చీటీ వ్రాసిన బాలుడు “ఏమియు మారలేదు” అని వ్రాసెను. ప్రక్కనున్నవాడు ఒప్పుకొనలేదు. మొదట అభిమన్యుడును శశిరేఖయు పాడినదానినే తరువాత కృష్ణుడును రుక్మిణియు, ఆ పిదప బలరాముడును రేవతియు పాడుదురు గదా. ఒకే పాటలో, తెలిసినవారెవరు, తెలిసియు తెలియనట్లున్నవారెవరు, నిజముగ తెలియనివారెవరు అని వాడు అడిగెను. ఆ దినమున మా చీటీలకు మరియొక గడి చేరినది: “ఈ దృశ్యము ముగియునప్పటికి ఎవరికి ఏమి తెలిసెను? మనకేమి తెలిసెను?” ఈ గడిని మేము కనిపెట్టలేదు, ఒక విద్యార్థి తగవులోనుండి పుట్టినది. తుదకు మిగిలిన గడులన్నిటికంటె ఇదియే మాకెక్కువగా నుపకరించినది.

ఆ గడితో చూచినప్పుడు చిత్రము వేరుగా కనబడెను. బాల్యమున శశిరేఖాభిమన్యులకు పెండ్లి చేయుదమని పెద్దలు మాట యిత్తురు. పాండవులు జూదమున రాజ్యము కోల్పోవుదురు. కాబట్టి మాట తప్పుదురు. కాబట్టి దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారునకు శశిరేఖను ఇచ్చుటకు నిశ్చయమగును. కాబట్టి సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని ద్వారకను విడుచును. అడవిలో ఘటోత్కచుడు తారసపడును. ఇంతవరకు గొలుసు తెగదు. అటుపిమ్మట ఘటోత్కచుడు నిద్రించుచున్న శశిరేఖను పానుపుతో కూడ అడవికి చేర్చి, తానే శశిరేఖ రూపము దాల్చి ద్వారకలో కూర్చుండును. ఇక్కడ రచయిత యెదుట రెండు దారులు కలవు. పెండ్లికూతురు రాక్షసుడని మనకు సయితము చెప్పక దాచి, పీటలమీద ఒక్కసారిగా బయటపెట్టవచ్చును. లేదా మొదటనే మనకు చెప్పివేయవచ్చును. మొదటిదారిలో మనకు లభించునది ఒక్క ఉలికిపాటు. రెండవదారిని పోయిరి కాబట్టియే, చిత్రపు చివరిభాగమంతయు నవ్వుచుందుము. సావిత్రిగారు శశిరేఖ రూపములో నుండియు ఘటోత్కచుని నడక నడచునప్పుడు, చుట్టునున్నవారికి పెంకితనముగ తోచునది మనకు రహస్యమై తోచును. కృష్ణునకు తెలియును, మనకు తెలియును, కౌరవులకు తెలియదు. ఆ మూటిమధ్యనున్న ఎడములో హాస్యము పుట్టుచున్నది.

ఇంగ్లండున పుట్టి అమెరికాలో పనిచేసిన హిచ్‌కాక్ అను దర్శకుడు ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోతో జరిపిన సంభాషణములు 1966లో గ్రంథముగా వెలువడినవి. అందు ఈ విషయమునకే ఒక ఉదాహరణము కలదు. బల్లక్రింద బాంబు ఉన్నదని చూచువారికి చెప్పకున్నచో, అది ప్రేలినప్పుడు కలిగెడి అదరుపాటు పదునైదు క్షణములది. ముందుగా చెప్పినచో, బల్లచుట్టు కూర్చున్నవారు వట్టి కబుర్లు చెప్పుకొనుచున్నను పదునైదు నిమిషములు ఊపిరి బిగబట్టి చూతుము. అతడు భయమును గూర్చి చెప్పినది మన పింగళివారు, కె.వి. రెడ్డిగారు నవ్వునకు ఉపయోగించిరి. యంత్రము ఒక్కటే.

నాల్గవ శనివారమున మేము ఎదురుచూడని దొకటి జరిగెను. “ఈ చిత్రమున పాండవులు ఎన్ని దృశ్యములలో కనబడుదురు?” అని పరీక్షకొరకు అడిగితిమి. పిల్లలు గోడవెంబడి చీటీలు వెదకి, వెదకి, ఒక్కదానియందును లేరనిరి. సత్యమే. వారి జూదమువలననే కథ కదిలినను, ఐదుగురిలో ఒక్కడును తెరమీదికి రాడు. వచ్చినచో ఏమగునని అడిగితిమి. రాజ్యము పోయినవారి దుఃఖమును చూచిన కన్నులతో పెండ్లివిందును చూచి నవ్వలేమని ఒకరు, కథ వారివైపునకు పోవునని ఒకరు చెప్పిరి. అప్పుడు వెనుకవరుసలోని ఒక బాలిక లేచి, “సార్, మన నాటకంలో నీలంచీరలే పాండవులు” అనెను. గదిలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. వరదవలన కథ కదులును గాని వరద రంగముమీదికి రానక్కరలేదని ఆ పిల్ల భావము. చూచువారు దానిని తమ కన్నులతో చూచియున్నారు. మేము చూపిన చీర వారు చూచిన నీటియెదుట ఏపాటిది?

“మల్లీశ్వరి” కి ఇంత కాలము పట్టలేదు. బి.యన్. రెడ్డిగారి దర్శకత్వమున 1951లో వచ్చిన ఆ చిత్రమునుండి మేము ఒక్క చీటీని మాత్రము చెప్పెదము. వానకు తడిసి మల్లియు నాగరాజును పాత మండపమున తలదాచుకొందురు. అక్కడ మారువేషములో కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన యుందురు. వారెవరో యీ యిద్దరు ఎరుగరు. మల్లి నాట్యము చేయును. నాగరాజు పరిహాసమునకు, రాయలవారు మల్లికి పల్లకి పంపవలెనని యనును. మా విద్యార్థి చీటీమీద “వాన, నాట్యము, నవ్వు, తీసివేసినను ఏమియు కూలదు” అని వ్రాసెను. గంటసేపటికి నాగరాజు ధనార్జనకై ఊరు విడిచియుండగా నిజముగనే పల్లకి మల్లి వాకిట నిలిచెను. చీటీ వ్రాసినవాడు చెప్పకుండనే లేచిపోయి, ఆ చీటీని దారమునుండి తీసి, కొట్టివేసి, “అంతయు కూలును” అని వ్రాసి వచ్చెను. మేము నవ్వలేదు. మేము కూడ మొదటిమారు చూచినప్పుడు దానిని వట్టి పరిహాసమనియే తలచితిమి.

పెద్దలు దీనికి బీజమని పేరుపెట్టిరి. భరతుని నాట్యశాస్త్రమునందును, పదవ శతాబ్దమున ధనంజయుడు రచించిన దశరూపకమునందును బీజము, బిందువు మొదలుగా ఐదు అర్థప్రకృతులును, ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అను పంచసంధులును చెప్పబడినవి. చిన్నదిగా చల్లబడి పలువిధముల విస్తరించునది బీజము. అమెరికాలో సిడ్ ఫీల్డ్ అనునాయన 1979లో ప్రకటించిన గ్రంథమునుబట్టి నేటి చిత్రరచయితలు మూడు అంకముల లెక్క చెప్పుదురు. పుటకొక నిమిషము చొప్పున 120 పుటల రచనలో మొదటి 30 పుటలు ప్రారంభము, నడిమి 60 సంఘర్షణము, చివరి 30 పరిష్కారము. మొదటి అంకము ముగియుటకు ముందు కథ ఒక మలుపు తిరుగవలెను. ఈ కొలతలను పిల్లలకు చెప్పితిమి గాని వానిని బట్టీపట్టుటకు ఒప్పుకొనలేదు. కొలత దర్జీవాని టేపువంటిది. గుడ్డ ఉన్నవానికి పనికివచ్చును. అదియుగాక మన చిత్రములకు విశ్రాంతి యను నొక ముడి అదనముగ నున్నది. మధ్యలో జనులు లేచి టీ త్రాగి మరల వచ్చి కూర్చుండవలెనన్న, లేచువేళకు వారి మనస్సులో ఒక ప్రశ్నను పెట్టి పంపవలయును. అమెరికావారి లెక్కలో ఈ అవసరము లేదు.

మూడవ చిత్రమును విద్యార్థులే కోరిరి: “బలగం”. వేణు యెల్దండిగారి దర్శకత్వమున 2023 మార్చి 3వ తేదీన విడుదలయైనది. ఆ వేసవిలో తెలంగాణ పల్లెలు అనేకములయందు నడివీధిని తెరకట్టి ఊరంతయు కలిసి దీనిని చూచుట మన యెరుకలోనిదే. కొమురయ్య యను వృద్ధుడు చనిపోవును. అప్పులలో మునిగి, నిశ్చితార్థమైనచో కట్నము వచ్చునని ఆశపెట్టుకొనిన మనుమడు సాయిలునకు తాతచావుకంటె తన కార్యము ఆగిపోవుటయే పెద్ద బాధ. పిండమును కాకి ముట్టదు. ఏల ముట్టదు? కాకినిగూర్చిన నమ్మిక మనకుండిన నుండనిండు, లేకున్న పోనిండు. కథకు ఆ కాకి చక్కని ప్రశ్న. ఇక్కడ తెలివి యొక్క పంపకము మాయాబజారునకు సరిగా ఎదురు. కౌరవులకు తెలియనిది అక్కడ మనకు తెలియును. ఇక్కడ కొమురయ్య కుటుంబమునకు తెలియనిది మనకును తెలియదు. వారితోకూడ మనమును వెదకుదుము. అయినను సమాధానపు బీజము మొదటనే చల్లబడినది: బ్రదికియుండగా ఆ ముసలివాడు ఊరంతయు తిరుగుచు కనబడినవారినెల్ల పలుకరించుచుండును. మనుష్యులే లోకముగా బ్రదికినవాడతడు. అట్టివాని యింట, విందులో ఒక నల్లిబొక్కకై పుట్టిన తగవువలన, కూతురు ఇరువది యేండ్లు పుట్టింటి గడప త్రొక్కలేదు.

తగవు అంత చిన్నదా యని ఒక విద్యార్థి ఆక్షేపించెను. వానికి వాని తరగతివాడే బదులు చెప్పెను: “మా పెదనాయినతోని మా నాయిన మాటలాడక ఆరేండ్లాయె. గొడవ కంచె మీది తీగది.” అది చీటీమీద వ్రాయదగినది కాదు గాని, ఆ బాలుడు అంతకుముందు రెండు సంవత్సరములలో తరగతిలో తనంతట తాను నోరు తెరచిన దినము లేదు.

“బలగం” ముగింపున కుటుంబము నెదుట పాట పాడి కథ చెప్పువారు వత్తురు. వారి పాటతోనే ముడి విడును. దీనిని చూచుచుండగా మాకు మన ప్రాంతపు కథకులు జ్ఞప్తికి వచ్చిరి. పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదై ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డమీద కథను గడిగడిగా చిత్రింతురు. కాకిపడగలవారు మొదలైన కథకులు ఆ గుడ్డను విప్పుచు, గడికొక ఘట్టముగా, రాత్రులు రాత్రులు చెప్పుదురు. కోయలలో డోలివారు పడిగెను చూపి ఇలవేల్పుల చరిత్రను పాడుదురు. మణుగూరు ప్రాంతమున కుండిన డోలికళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. సమ్మక్క సారలమ్మల గాథ ఆయన పాడినవానిలో నొకటి. వినువారికి ఆ గాథలో తెలియనిది ఏదియు లేదు. గోడమీది చీటీల దారము చేర్యాలవారి గుడ్డవలెనే యున్నదని మేమనగా, ఒక కోయబాలుడు తన తాత పడిగె యెదుట కూర్చున్నప్పుడు సమ్మక్క యుద్ధమునకు పోవుటకు ముందుఘట్టమునందే కండ్లు తుడుచుకొనుననియు, యుద్ధము వచ్చునప్పటికి ఏడ్వడనియు చెప్పెను. తెలిసినవాడు ముందుగా ఏడ్చును. గత సంవత్సరము ఆ తల్లి అడిగిన ప్రశ్నకు బదులు అక్కడ మాకు కొంత దొరికినది. జనులు తెలియనిదానిని తెలిసికొనుటకు మాత్రమే కూర్చుండరు. తమకు తెలిసినది తెరలోని మనుష్యునకు ఎప్పుడు తెలియునో చూచుటకు కూర్చుండుదురు.

నవంబరులో నాటకమును మరల వ్రాయ నారంభించితిరి మా విద్యార్థులు. వరదలో నిజముగ పోయినవారి పేళ్లు గాని, వారిని గుర్తుపట్టదగిన ఆనవాలు గాని నాటకమున రాకూడదని మేము నియమము పెట్టితిమి; వారి యిండ్లవారు మన సభలో కూర్చుందురు. తొమ్మిది రంగములు మూడైనవి. స్థలము ఒక్క యిల్లు. కాలము సాయంకాలము మొదలు అర్ధరాత్రి వరకు. పండ్రెండేండ్ల బాలుడు తండ్రి వద్దన్నను వల తీసికొని వాగునకు పోవును. వాగొడ్డున ఇప్పచెట్టు మొదటిని నీరు ముట్టియుండుట చూచును. ఏనాడును నీరు అంతదూరము రాలేదు. కాని చెప్పినచో తాను వాగునకు పోయినట్లు తెలిసి దెబ్బలు తప్పవు. కాబట్టి చెప్పడు. ఇది మొదటి రంగము. ఇంక ఇంటిలో అవ్వ మెట్టమీది బడికి పోదమనును. తండ్రి ఈ యింట ముప్పదియేండ్లుగా చుక్క నీరు రాలేదనును. తల్లి అన్నము వడ్డించును. అక్క ఫోనునకు సిగ్నలు లేదని విసుగుకొనును. వారందరు సామాన్యమైన మాటలే మాటాడుచుందురు. చూచువారికిని ఆ బాలునికిని మాత్రము ఇప్పచెట్టు తెలియును. నీరు ఒక్క చుక్కయు రంగముమీదికి రాదు. చీరలను ఇచ్చినవారికి ఇచ్చివేసితిమి.

మేము దీనిని గొప్పరచన యనుట లేదు. రెండవ రంగమున అక్క మాటలు ఇంకను దీర్ఘముగ నున్నవి. తండ్రి కోపమునకు తగిన కారణము చాలదు. ఎఱ్ఱచుక్కలు మూడు మిగిలియున్నవి. కాని అందు మనుష్యులు నిర్ణయములు చేయుచున్నారు. ఒక్కొక్క “కాబట్టి” వారిదే.

గడచిన మాసమున అభ్యాసమును చూడుమని ఆ తల్లిని పిలిచితిమి. గత సంవత్సరపు మాటను మేము జ్ఞప్తికి తేలేదు, ఆమె మరచియుండవచ్చును. వెనుక బెంచీమీద కూర్చుండి చూచెను. వడ్డనజరుగు చోట, బాలుడు పళ్లెము ముందు తల వంచుకొని అన్నమును కలుపుచుండగా, ప్రక్కనున్న ఆయాతో, “వాడు చెప్తలేడేంది?” అని మెల్లగా ననెను. రంగముమీదివారికి వినబడలేదు, మాకు వినబడెను. అభ్యాసము ముగిసిన పిదప ఆమె ఏమియు చెప్పక, పొలములో పని యున్నదని వెడలిపోయెను.

చివరి దృశ్యము ఇంకను స్థిరపడలేదు. బాలుడు తండ్రితో చెప్పివేయవలెనని సగముమంది, అవ్వ వాని తడిసిన వలను చూచి తానే గ్రహింపవలెనని సగముమంది పట్టుపట్టియున్నారు. మొదటిదానిలో ధైర్యమున్నది, రెండవదానిలో వల యను బీజము ఫలించును. మా మట్టుకు మేము రెండవదానికి మొగ్గుచున్నాము గాని వ్రాయువారు వారు. రెండు చీటీలును దారమున చివర ప్రక్కప్రక్కనే వ్రేలాడుచున్నవి. మూడు చిత్రముల చీటీలను వరుసతప్పకుండ కట్టలు కట్టి గ్రంథాలయపు బీరువాలో రెండవ అరలో ఉంచితిమి. తలిదండ్రులు శనివారము మధ్యాహ్నము వచ్చి చూడవచ్చును. తొమ్మిదవ తరగతివారు రాబోవు సంవత్సరమునకు “గుండమ్మ కథ” కావలెనని యిప్పటికే అడుగుచున్నారు; పాత ప్రశ్నపత్రములను పారవేయవద్దని తోటి ఉపాధ్యాయులకు మా మనవి.